నవ్వే హక్కు ఎవరిది? - పల్లెలో ఆడే చిన్న నాటికలు

దళిత సాహిత్యం మీద సెమినార్లు జరుగుతాయి. పాట మీద పేపరు చదువుతారు. కవిత్వం మీద చదువుతారు. కథ మీద, ఆత్మకథ మీద కూడా చదువుతున్నారు. నాటకం దగ్గరికి వచ్చేసరికి మనుషులు తక్కువ. వచ్చినవాళ్ళు కూడా కన్నీళ్ళ నాటకం గురించే మాట్లాడతారు. నవ్వించే చిన్న నాటిక గురించి ఒక్క పేపరు కూడా నా చెవిన పడలేదు.

మా వైపు పల్లె అంటే ఊరు కాదు. ఊరికి ఆనుకుని, ఊరికి ఎడంగా ఉండేది పల్లె. మాలపల్లె, మాదిగపల్లె. ఈ పల్లె ఏడాదిలో కనీసం రెండు రాత్రులు నాటకశాల అవుతుంది. ఒకటి క్రిస్మస్, రెండోది ఏప్రిల్ 14. సంక్షేమ హాస్టలు వార్షికోత్సవం కూడా కలుపుకుంటే మూడు. ఈ రాత్రుల్లో పాటలుంటాయి, ప్రసంగాలుంటాయి. మధ్యలో ఎక్కడో పదిహేను, ఇరవై నిమిషాల చిన్న నాటిక ఒకటి ఉంటుంది. దాన్ని స్కిట్ అంటారు, కామెడీ అంటారు. దానికి రాతప్రతి ఉండదు. రచయిత పేరుండదు. మర్నాడు పొద్దున తార్పాలిన్ విప్పేసరికి నాటిక కూడా పోతుంది. అట్లా పోయేదాన్ని ఎవరూ సాహిత్యం అనరు. 

ఈ వ్యాసం ఆ పదిహేను నిమిషాల గురించి. మూడు సంగతులు చెప్పదలుచుకున్నాను. ఒకటి, తెలుగు నాటకరంగం నవ్వును కులాల వారీగా పంచింది. రెండు, పల్లె నాటిక ఆ పంపకాన్ని తిరగేస్తుంది. అట్లా తిరగేయడం దానికి కొత్త కాదు, వెనక పెద్ద వారసత్వమే ఉంది. మూడు, తిరగేసినంత మాత్రాన అది మంచి నాటిక అయిపోదు. దాన్ని కూడా నిలదీసి చూడాలి. మనవాళ్ళు ఆడారు కాబట్టి బాగుంది అంటే అది విమర్శ కాదు, జాలి.

నవ్వించేవాళ్ళు, నవ్వులపాలయ్యేవాళ్ళు

ఆధునిక తెలుగు నాటకం నవ్వుతోనే నడక నేర్చింది. 1880లో కందుకూరి వీరేశలింగం ‘వ్యవహార ధర్మబోధిని’ రాసి ప్లీడర్ల మోసాల్ని ఎండగట్టాడు. తర్వాత వరసగా ప్రహసనాలు రాశాడు. 1892లో విజయనగరంలో ‘కన్యాశుల్కం’ ఆడారు. గురజాడ దాన్ని తిరగరాసి 1909లో అచ్చేశాడు. చిలకమర్తి ప్రహసనాలు రాశాడు. భమిడిపాటి కామేశ్వరరావుకి ఏకంగా హాస్యబ్రహ్మ అని పేరొచ్చింది.

ఇదంతా గొప్ప హాస్యమే. కాదనే పని లేదు. అయితే ఆ నవ్వు ఎక్కడ పుట్టింది, ఎవరి మధ్య తిరిగింది అని అడగాలి. గిరీశం మాటకారి, మోసగాడు. రామప్పపంతులు జిత్తులమారి. లుబ్ధావధాన్లు పిసినారి. ముగ్గురూ బ్రాహ్మలే. ముగ్గురికీ తెలివుంది, మాటుంది, చేసిన పనికి ఒక కారణం ఉంది. అగ్రహారం తన ఇంటి సంగతులు తనే రంగం మీద పెట్టుకుని నవ్వుకుంది. దానివల్ల ఆ కులం పోగొట్టుకున్నదేమీ లేదు. పైగా సంస్కరణ అనే పేరు సంపాదించుకుంది. తన మీద తను నవ్వుకోవడం కూడా ఒక ఆస్తే. ఇంట్లో నలుగురు చదువుకున్నవాళ్ళు, చేతిలో అచ్చు యంత్రం, ఊళ్ళో గౌరవం ఉన్నవాళ్ళకి అది భయం లేకుండా దొరుకుతుంది. మనకి అట్లా దొరకలేదు. మనమీద మనం నవ్వుకునేలోపే ఊరు మనమీద నవ్వడం మొదలుపెట్టింది.

1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టింది. తర్వాత పట్నం పట్నానికీ పరిషత్తులు వచ్చాయి. 1998లో ప్రభుత్వం నంది నాటకోత్సవాలు మొదలుపెట్టింది. పోటీ నాటిక ఇంచుమించు గంటసేపుంటుంది. సోఫా, టీపాయ్, వెనక కిటికీ, మధ్యతరగతి కుటుంబం. ఈ ఇంట్లోకి మన మనిషి రెండు దారుల్లో వస్తాడు. సందేశాత్మక నాటిక అయితే ఏడవడానికి వస్తాడు. హాస్య నాటిక అయితే కాఫీ తేవడానికి వస్తాడు.

ఆ కాఫీ తెచ్చే మనిషిని చూడండి. ఇంటాయన చదువుకున్నవాళ్ళ భాష మాట్లాడతాడు. పనివాడికి యాస తగిలిస్తారు. శ్రీకాకుళం యాసో, తెలంగాణ యాసో, కూలోళ్ళ మాటో ఏదో ఒకటి. అతని మాటలో చమత్కారం ఉండక్కర్లేదు. యాసే చమత్కారం. అతను ‘వచ్చినాడు’ అంటే నవ్వు, ‘పోతాండ’ అంటే నవ్వు. ఇంగ్లీషు ముక్క తప్పు పలికితే చప్పట్లు. బడి మొహం చూడనివ్వని వాళ్ళే బడి మాట తప్పుగా పలికాడని నవ్వుతారు. ఉత్తమ హాస్యనటుడి బహుమతి చాలాసార్లు ఇట్లాంటి పాత్రకే పోతుంది. తీసుకునే నటుడిది ఏ కులమైనా కావచ్చు. నవ్వులపాలైన మాట మాత్రం మన ఇళ్ళలో అమ్మ మాట, అయ్య మాట.

దీనికి ఎదురు నిలబడిన నాటకాలు లేకపోలేదు. బోయి భీమన్న ‘పాలేరు’లో పాలేరు కుర్రాడు చదువుకుని అధికారి అవుతాడు. ఆ నాటకం చూసి పిల్లల్ని బడికి పంపిన కుటుంబాల గురించి పెద్దవాళ్ళు చెప్తారు. ఎం.ఎం. వినోదిని ‘దాహం’ నీళ్ళ చుట్టూ తిరిగే కులాన్ని రంగం మీద పెట్టింది. రెండూ మనకి కావలసిన నాటకాలే. వాటి బలం ఆశలో ఉంది, ఆగ్రహంలో ఉంది. నవ్వులో ఉండే బలం ఏమిటో చూడాలంటే అచ్చు పుస్తకం వదిలి వేరే చోటికి పోవాలి.

మన వెనక ఉన్న నవ్వు

తెలంగాణలో చిందోళ్ళు మాదిగల ఆశ్రిత కులం. చిందు భాగోతం వాళ్ళ విద్య. ఈ కళ పేరు దేశానికి తెలిపిన చిందు ఎల్లమ్మ 2005లో చనిపోయింది. 2024లో గడ్డం సమ్మయ్యకి పద్మశ్రీ వచ్చింది. సన్మానాలప్పుడు ఈ కళని ప్రాచీనం, అపురూపం అంటారు. అది ఎంత నవ్విస్తుందో ఎవరూ చెప్పరు. చిందోళ్ళు జాంబపురాణం ఆడతారు. అందులో జాంబవుడికీ బ్రాహ్మడికీ వాదం నడుస్తుంది. ఎవరు ముందు పుట్టారు, ఎవరు పెద్ద అని. భూమి కన్నా ముందు పుట్టినవాడు జాంబవుడు. అతని ప్రశ్నలకి బ్రాహ్మడు నీళ్ళు నములుతాడు. చూసేవాళ్ళు పగలబడి నవ్వుతారు. కులాల పుట్టుక మీద ఇంత పెద్ద తర్కం నవ్వుల మధ్య నడుస్తుంది. భాగోతంలో బుడ్డర్‌ఖాన్ అనే హాస్యగాడు ఉంటాడు. రాజు కొలువులో రాజుని పట్టుకుని ఎదురుమాట అనగలిగిన మనిషి అతనొక్కడే.

పిట్టలదొరని చూడండి. సంచార కులపు మనిషి. ఖాకీ చొక్కా, పాత కోటు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి. కనపడిన చెరువు తనదంటాడు, కొండ తనదంటాడు, లేని మేడలకి లెక్కలు చెప్తాడు. సెంటు భూమి లేనివాడు దొర వేషంలో భూముల లెక్క చెప్తే వినేవాళ్ళు ఎందుకు నవ్వుతారు? దొర చెప్పే లెక్క కూడా అట్లాంటిదేనని లోపల తెలుసు కాబట్టి. ఈ వేషం వేయడానికి రంగం లేదు, తెర లేదు, రెండో నటుడు లేడు. తోలుబొమ్మలాటలో జుట్టు పోలిగాడు, బంగారక్క, కేతిగాడు రామాయణం మధ్యలో దూరి ఊళ్ళో సంగతులు మాట్లాడినట్టే ఇదీ.

బుర్రకథ నిర్మాణం గమనించండి. మధ్యలో కథకుడు. ఒక పక్క రాజకీయ వంత, ఇంకో పక్క హాస్య వంత. 1943లో మొదలైన ప్రజానాట్యమండలి ఈ రూపాన్ని పోరాటానికి వాడుకుంది. షేక్ నాజర్ దాన్ని శిఖరానికి చేర్చాడు. కథ చెప్పేవాడికి రాజకీయం ఒక భుజమైతే హాస్యం రెండో భుజం. కమ్యూనిస్టు ఉద్యమం అంత గంభీరమైన రోజుల్లో కూడా హాస్య వంతని దించెయ్యలేదు. 

ఇంకా వెనక్కి పోతే మహారాష్ట్రలో జోతిరావు ఫూలే 1855లో ‘తృతీయ రత్న’ అనే నాటకం రాశాడు. జోస్యం పేరుతో ఒక బ్రాహ్మణ జోషి కుణబి రైతు దంపతుల్ని దోచుకునే కథ. పక్కన విదూషకుడు నిలబడి ప్రతి మోసాన్నీ విప్పి చెప్తూ, ఎగతాళి చేస్తూ ఉంటాడు. సంస్కృత నాటకంలో విదూషకుడు రాజుగారి పక్కన ఉండే బ్రాహ్మడు. ఫూలే అతని నోటిని తీసుకొచ్చి రైతు తరఫున నిలబెట్టాడు. దక్షిణ ప్రైజ్ కమిటీ ఈ నాటకాన్ని తిరగ్గొట్టింది. తర్వాత సత్యశోధక జల్సాలు, 1930ల్లో భీమరావ్ కర్డక్ లాంటి వాళ్ళు నడిపిన అంబేడ్కరీ జల్సాలు తమాషా రూపాన్నీ, అందులోని హాస్యాన్నీ ఉద్యమానికి తెచ్చాయి. అంటే అంబేడ్కర్ ఉద్యమంలో ఉపన్యాసం పక్కనే నవ్వు నడిచింది. ఏప్రిల్ 14 వేదిక మీద నవ్వుల నాటిక ఎందుకు అనేవాళ్ళు ఈ చరిత్ర ఒకసారి చూడాలి.

‘టు లెట్’

ఇప్పుడు ఒక నాటిక దగ్గరికి వస్తాను. కోస్తాలో ఒక పల్లెలో అంబేడ్కర్ జయంతి ముందు రాత్రి ఆడారు. ఆడినవాళ్ళలో ఇద్దరు డిగ్రీ చదివే కుర్రాళ్ళు, ఒకతను తాపీపని చేస్తాడు. ట్రాక్టరు తొట్టే రంగం. సామాను ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఒక ‘టు లెట్’ అట్ట.

పట్నంలో ఇల్లు అద్దెకి కావాలి. కుర్రాడు వస్తాడు. ఇంటాయన కుర్చీలో కూచుని ఉంటాడు.

‘ఏం చేస్తుంటావు బాబూ?’
‘ఉద్యోగమండి.’
‘గవర్నమెంటా?’
‘అవునండి.’
‘మరి... మీరేమిట్లు?’
‘నలుగురమండి. నేను, అమ్మ, నాన్న, చెల్లి.’
‘అదిగాదు. మీవాళ్ళు ఎవరు అని.’
‘చెప్పాగదండీ. అమ్మ, నాన్న, చెల్లి.’

ఇట్లా పది నిమిషాలు నడుస్తుంది. ఇంటాయన ఇంటిపేరు అడుగుతాడు, ఊరు అడుగుతాడు, ఊళ్ళో ఇల్లు ఏ వైపు అని అడుగుతాడు. కూరలు ఏం తింటారని అడుగుతాడు. ఆదివారం ఎక్కడికి పోతారని అడుగుతాడు. కుర్రాడు అడిగిన ప్రతిదానికీ నిజమే చెప్తాడు. ‘ఆదివారం బట్టలుతుక్కుంటామండి.’ ‘ఇల్లు తూర్పు వైపండి, సూర్యుడు ముందు మాకే కనపడతాడు.’ కులం అనే మాట నాటిక మొత్తంలో ఒక్కసారి కూడా రాదు. ఇంటాయన ఆ మాట చుట్టూ తిరిగి తిరిగి చెమటలు తుడుచుకుంటాడు. చివర్లో కుర్రాడు లేచి ‘టు లెట్’ అట్ట తీసుకుని నడుస్తాడు. ‘బోర్డెందుకయ్యా?’ అంటే, ‘మా పేటలో రెండు గదులు ఖాళీగా ఉన్నాయండి. అక్కడ తగిలిస్తా. మీరు రావచ్చు, మేం ఏమీ అడగం’ అంటాడు. 

దీని బలం ఎక్కడుంది? పట్నంలో ఇల్లు వెతుక్కున్న ప్రతి దళిత ఉద్యోగికీ, విద్యార్థికీ ఈ ప్రశ్నలు వరసతో సహా తెలుసు. మా కుటుంబంలో డిగ్రీ దాకా చదివినవాళ్ళలో నేనే మొదటివాణ్ణి. చదువుతో పాటు నేను నేర్చుకున్నవాటిల్లో ఈ ప్రశ్నలకి జవాబు చెప్పడం ఒకటి. నిజజీవితంలో ఆ ప్రశ్న పడ్డప్పుడు తల దించుకునేది, మాట తడబడేది మనం. నాటికలో తడబడేది ఇంటాయన. అడిగేవాడి దగ్గర ఉండాల్సిన సిగ్గు అడిగించుకునేవాడి దగ్గర ఎందుకుందని ఈ నాటిక అడుగుతుంది. ఉపన్యాసంలో ఇదే మాట చెప్తే తలలూపుతారు. ఇక్కడ చూసేవాళ్ళు ఇంటాయన మీద నవ్వుతున్నప్పుడే తమ భుజం మీది బరువు ఆయన భుజం మీదికి మారుతుంది.

ఇంకొక సంగతి. ఇంటాయన వేషం వేసింది తాపీపని కుర్రాడు. ఎర్రంచు పంచె, కళ్ళజోడు. చూసేవాళ్ళందరికీ అతను తెలుసు. ‘ఒరేయ్, నువ్వే కట్టి నువ్వే అద్దెకిస్తన్నావంట్రా!’ అని జనంలోంచి ఒక ముసలాయన కేకేశాడు. ఆ కేక నాటికలో లేదు. అయినా ఆ రాత్రి పలికిన మాటల్లో అంతకన్నా మంచి మాట లేదు. పట్నంలో ఇళ్ళు కట్టే చేతులు, ఆ ఇళ్ళలో చోటు దొరకని చేతులు ఒకటేనని ఆ ఒక్క కేక చెప్పింది. నటుణ్ణి ఎరిగిన జనం మధ్య ఆడితేనే ఇట్లాంటిది జరుగుతుంది. పరిషత్తు హాల్లో న్యాయనిర్ణేతల ముందు జరగదు.

ఆ నాటిక ఎక్కడ జారింది

ఈ నాటికలో మూడో పాత్ర ఉంది. ఇంటాయన ఇంట్లో పనిమనిషి. మగ కుర్రాడే చీర కట్టుకుని వేశాడు. రవికలో గుడ్డలు కూరుకుని, నడుం తిప్పుకుంటూ వచ్చాడు. ఆ రాత్రి అన్నిటికన్నా పెద్ద నవ్వు దానికే పడింది. మగపిల్లలు ఈలలేశారు. ముందు వరసల్లో చాపల మీద కూచున్న ఆడవాళ్ళు కొంతమంది నవ్వారు. చాలామంది నవ్వలేదు. ఆ ముందు వరసల్లో పట్నానికి పోయి అంట్లు తోమి వచ్చినవాళ్ళు ఉన్నారు.

నీతి కోసం మాత్రమే ఈ మాట అనడం లేదు. నాటిక పరంగా కూడా ఇది పెద్ద నష్టం. ఆలోచించండి. ఆ పనిమనిషి ఈ కథలో ఎవరు? ఆమెదీ మన పల్లే. కుర్రాణ్ణి గుర్తుపట్టగల మనిషి ఆమె ఒక్కతే. ఇంటాయన వంటింట్లో ఏముందో తెలిసింది ఆమెకే. శాకాహారం అని చెప్పుకునే ఇంట్లో ఎముకలు ఎత్తిపోసేది ఆమే. ఆమె ఒక్కసారి ‘ఏం మరిదీ, ఇటొచ్చావేంది?’ అని నోరు జారితే కథ తిరిగిపోతుంది. నోరు జారుతుందా, జారదా అనే ఉత్కంఠ మీద నాటికని నిలబెట్టవచ్చు. కుర్రాణ్ణి కాపాడుతూ, ఇంటాయన గుట్టు విప్పుతూ ఆమె రెండు పక్కలా మాట్లాడవచ్చు. అంటే ఈ నాటికకి విదూషకుడు ఆమె. ఫూలే నాటకంలో పక్కన నిలబడి అసలు సంగతి చెప్పే మనిషి ఆమె. అట్లాంటి పాత్ర చేతికి దొరికితే రవికలో గుడ్డలు కూరి పంపారు. ఊరివాడు మన యాసతో చేసిన పనే మన కుర్రాళ్ళు మన ఆడవాళ్ళ ఒంటితో చేశారు.

మహారాష్ట్ర తమాషా చరిత్ర మనకి ఇక్కడ పాఠం. మహర్, కోల్హాటి స్త్రీలు ఆడిపాడి ఆ కళని బతికించారు. చూసేవాళ్ళకి వినోదం దక్కింది, ఆడినవాళ్ళకి అశ్లీలం అనే ముద్ర దక్కింది. శైలజా పైక్ 2022లో అచ్చయిన తన పుస్తకంలో ఈ సంగతినే విప్పి చూపింది. అందుకే అంబేడ్కరీ జల్సాలకి స్త్రీల గౌరవం పెద్ద ప్రశ్న అయింది. అయితే ఆ ప్రశ్నకి ఆడవాళ్ళని రంగం మీదనుంచి దించెయ్యడం జవాబు కాకూడదు. పల్లెల్లో ఆడపిల్లలు క్రిస్మస్ నాటకంలో మరియమ్మ వేషం వేస్తారు, పాటలకి నాట్యం చేస్తారు. నవ్వించే వేషం మాత్రం వాళ్ళకి ఇవ్వరు. నవ్వించడం అంటే నోరు విప్పడం. అందుకే ఇవ్వరు.

ఇంకో జారుడు కూడా ఉంది. ఇది ఈ నాటికలో లేదుగానీ చాలా చోట్ల ఉంది. మాలపల్లెలో మాదిగల మీద, మాదిగపల్లెలో మాలల మీద, ఇద్దరూ కలిసి డక్కలి, రెల్లి లాంటి కులాల మీద వేసే జోకులు. నత్తివాడి మీద, కుంటివాడి మీద జోకులు. 1994లో ఈదుముడిలో దండోరా మొదలైంది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చెల్లుతుందని తీర్పు చెప్పింది. ఈ ముప్పై ఏళ్ళలో వేదికల మీద దళిత ఐక్యత గురించి ఎన్ని మాటలు చెప్పుకున్నామో లెక్కలేదు. పక్క పల్లెవాణ్ణి చూసి ఎందుకు నవ్వుతున్నామని రంగం మీద నాటిక కట్టింది మాత్రం తక్కువ. తన కన్నా కిందున్నవాడి మీద నవ్వడం నేర్పింది కులమే. ఆ నవ్వు పల్లెలో పుట్టినా మనది కాదు.

చింతామణి నిషేధం చెప్పేది

నవ్వు అవమానమైనప్పుడు ఏం చెయ్యాలి? దీనికి ఈమధ్య ఒక జవాబు వచ్చింది. కాళ్ళకూరి నారాయణరావు ‘చింతామణి’ వందేళ్ళుగా ఆడుతున్న నాటకం. అందులో సుబ్బిశెట్టి పాత్ర తమని కించపరుస్తోందని ఆర్యవైశ్య సంఘాలు అభ్యంతరం చెప్పాయి. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటక ప్రదర్శనని నిషేధించింది. దాన్ని నమ్ముకున్న కళాకారులు మా పొట్ట కొట్టారని మొత్తుకున్నారు. వివాదం హైకోర్టుకి పోయింది.

సుబ్బిశెట్టి పాత్రని కాలక్రమంలో బూతు మాటలతో, వెకిలి చేష్టలతో పెంచిన మాట నిజం. ఒక కులం దానికి నొచ్చుకుందంటే ఆ నొప్పిని ఎగతాళి చెయ్యను. కానీ ఒక సంగతి గమనించాలి. నొచ్చుకున్నామని చెప్తే ప్రభుత్వం వినే కులాలున్నాయి, వినని కులాలున్నాయి. చాకలి పాత్ర, మంగలి పాత్ర, పాలేరు పాత్ర రంగం మీద తన్నులు తిని నవ్విస్తూనే ఉన్నాయి. ఇప్పుడు మనం కూడా నిషేధాల జాబితా పట్టుకుని సచివాలయం చుట్టూ తిరగాలా? నా ఉద్దేశంలో అది మన దారి కాదు. కులం పేరుతో బహిరంగంగా తిడితే 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. దాన్ని వాడుకోవాల్సిన చోట వాడుకోవాలి. కానీ నాటకాలు ఆపే అధికారం ప్రభుత్వానికి అలవాటైతే ముందు ఆగేది ఎవరి నాటకం? ‘టు లెట్’ చూసి ఇళ్ళ యజమానులు నొచ్చుకోరా? జాంబపురాణం విని బ్రాహ్మణ సంఘం నొచ్చుకోదా? నిషేధం కత్తి ఎప్పుడూ పైనుంచి కిందికే దిగుతుంది. ఒక చెడ్డ నాటికకి మన జవాబు ఇంకొక నాటిక కావాలి.

ఏడవాల్సిన చోట నవ్వా?

కార్యకర్తలు ఒక మాట అంటారు. కారంచేడు 1985లో జరిగింది. చుండూరు 1991లో జరిగింది. 2016లో వేముల రోహిత్ చనిపోయాడు. ఇన్ని శవాలు మోసిన జాతికి నవ్వుల నాటికలా అని. ఆ మాటలో బాధ ఉంది. కాదనను. మన పాట ఆ శవాల పక్కనే పెరిగింది. అయితే ఏడుపు మాత్రమే మన కళ అనుకుంటే ఊరికి అది చాలా సౌకర్యం. బాధపడే దళితుణ్ణి చూసి జాలిపడి, చప్పట్లు కొట్టి, బహుమతి ఇచ్చి ఇంటికి పోవచ్చు. తన మీద నవ్వే దళితుణ్ణి ఏం చెయ్యాలో ఊరికి తెలియదు. దాడులు జరిగిన చోట మొదలు ఎక్కడని అడిగితే చాలాసార్లు మనవాడు తలెత్తి చూశాడనో, ఎదురు మాట్లాడాడనో, నవ్వాడనో చెప్తారు. మనం నవ్వడం వాళ్ళకి నేరంగా కనపడుతుందంటే నవ్వుకి ఉన్న విలువ మనకన్నా వాళ్ళకే బాగా తెలుసన్నమాట.

చర్చి పెద్దలు ఇంకో మాట అంటారు, దేవుని సన్నిధిలో వెకిలితనం ఏమిటని. వెకిలితనం వద్దనడం సరే. కానీ క్రిస్మస్ రాత్రి పల్లె పిల్లలు గొల్లల వేషం వేసి చలికి వణుకుతూ, నిద్రకి తూలుతూ, గొర్రె తప్పిపోయిందని కొట్లాడుకుంటూ నవ్వించినప్పుడు సువార్తకి వచ్చిన లోటేమీ లేదు. వార్త ముందు వినింది కూలివాళ్ళని ఆ నవ్వే గుర్తుచేస్తుంది. హేరోదు వేషం వేసినవాడు మన ఊరి పెద్ద నడక నడిస్తే పల్లెకి అర్థం అవుతుంది, ఎవరి గురించో.

ఆడేవాళ్ళకి కొన్ని మాటలు

విమర్శ రాసి చేతులు దులుపుకోవడం కన్నా ఆడేవాళ్ళకి పనికొచ్చే నాలుగు మాటలు చెప్పడం మేలు.

మైకు. పల్లె నాటికని చంపేది మైకే. నడుమ ఒక్క మైకు వేలాడుతుంది. నటులందరూ దాని కిందికి వచ్చి నిలబడి అప్పజెప్తారు. నవ్వు సగం ఒంట్లో ఉంటుంది. కూచోవడం, లేవడం, చూపు తిప్పుకోవడం అన్నీ పోతాయి. రెండు వందల మంది ఉన్న చోట మైకు అక్కర్లేదు. ట్రాక్టరు దిగి, జనాన్ని చుట్టూ కూచోబెట్టి, మధ్యలో ఆడండి. బాదల్ సర్కార్ ఆ పద్ధతిని సిద్ధాంతంగా చెప్పాడు. మన వీధి భాగోతానికి అది ఎప్పటినుంచో తెలుసు.

మాట. టీవీ కామెడీ షోల పంచ్‌లు తెచ్చి అతికించకండి. అవి విన్నవే. విన్న జోకుకి వచ్చే నవ్వు టీవీది. రేషను డీలరు, ఆరెంపీ డాక్టరు, పింఛను కోసం వేలిముద్ర పడని ముసలమ్మ, ఇంగ్లీషు మీడియం మనవడితో తంటాలు పడే తాత - మన చుట్టూ ఉన్న మనుషులు చాలు. ముసలమ్మ వేలిముద్ర ఎందుకు పడదు? జీవితమంతా కలుపు తీసి, మిరపకాయలు కోసి గీతలు అరిగిపోయాయి. పని చేసినందుకే ఆమె ఉనికి మిషనుకి ఆనదు. ఇంత పెద్ద సంగతి ఒక చిన్న నాటికలో ఇమిడిపోతుంది. అయితే నవ్వు మిషను మీద పడాలి, ముసలమ్మ మీద కాదు. 

ముగింపు. పధ్నాలుగు నిమిషాలు నవ్వించి ఆఖరి నిమిషంలో వరసగా నిలబడి సందేశం చెప్పడం మానండి. ‘టు లెట్’ అట్ట పట్టుకుని కుర్రాడు దిగిపోయినప్పుడు అందరికీ అందింది. తర్వాత వ్యాఖ్యాత మైకు తీసుకుని ‘ఈ నాటిక ద్వారా మనం నేర్చుకోవలసింది’ అని మొదలుపెట్టాడు. నేర్చుకున్నదంతా ఆ రెండు నిమిషాల్లో కారిపోయింది.

రాత. ఆడిన మర్నాడే ఎవరో ఒకరు కూచుని రాయాలి. మాటలు మాత్రమే కాదు, జనం వేసిన కేకలు కూడా. ఎవరు ఎక్కడ నవ్వారు, ఎవరు నవ్వలేదు అనేది కూడా. హాస్టలు పిల్లలు నోటు పుస్తకాల్లో ఈ పని చెయ్యగలరు. టీచర్లు చేయించగలరు. యూనివర్సిటీల్లో జానపదం పేరుతో చచ్చిపోతున్న కళల్ని లెక్కపెట్టే మిత్రులు బతికున్న ఈ కళని కూడా ఒకసారి వచ్చి చూడాలి. పల్లెకి వచ్చినప్పుడు ఏడుపు పాటలే పాడమని అడగకండి.

వచ్చే ఏప్రిల్‌లో ‘టు లెట్’ మళ్ళీ ఆడతామని ఆ కుర్రాళ్ళు చెప్పారు. పనిమనిషి వేషం ఒక ఆడమనిషికి ఇవ్వమన్నాను. ఎవరూ ముందుకి రారన్నారు. ముందు వరసలో నవ్వకుండా కూచున్నవాళ్ళని అడిగారా అన్నాను. అడగలేదు. అడగాలి. వేషం ఇవ్వడమే కాదు, ఆ పాత్ర మాటలు కూడా వాళ్ళనే కట్టమనాలి. ఇంటాయన వంటింటి సంగతులు వాళ్ళకి తెలిసినట్టు ఆ కుర్రాళ్ళకీ తెలియవు, నాకూ తెలియవు.